సైకాలజీ ప్రొఫెసర్ కావాలి, పాఠ్యపుస్తకాలు రాయాలి: ఏది ముందు, ఏది తర్వాత?

మీరు అడిగింది ఇదీ: ఎం.ఎస్సీ. సైకాలజీ చివరి ఏడాదిలో ఉన్నారు. యూనివర్సిటీలో పాఠం చెప్పాలని, ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు రాయాలని కోరిక. ఇప్పుడే పుస్తకం మొదలుపెడితే ఉద్యోగానికి పనికొస్తుందా? రాయల్టీ ఎంత వస్తుంది? తెలుగులో రాసింది లెక్కలోకి వస్తుందా?

సూటిగా చెప్తాను. పుస్తకం ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఉద్యోగంలో పాఠం చెప్పిన ఏళ్లే పుస్తకాన్ని తెచ్చిపెడతాయి. మీ వరుస ఇలా ఉండాలి: ముందు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష), తర్వాత పీహెచ్‌డీ, దాంతోపాటే పరిశోధన వ్యాసాలు. ఒకే కోర్సును కనీసం నాలుగైదు బ్యాచ్‌లకు చెప్పాక పుస్తకం. రాయల్టీ మీద బతకలేరు. తెలుగు పుస్తకం లెక్కలోకి వస్తుంది, అయితే దాన్ని ఎవరు వేశారన్నది ముఖ్యం. ఈ రోజు మీరు మొదలుపెట్టాల్సింది పుస్తకం కాదు, నోట్సు.

ఎందుకో మార్కుల్లోనే కనిపిస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పిలిచేవాళ్ల జాబితా తయారుచేసేటప్పుడు డిగ్రీకి 15 వరకు, పీజీకి 25 వరకు, పీహెచ్‌డీకి 30 ఇస్తారు. జేఆర్‌ఎఫ్‌కు (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) 7, నెట్‌కు 5, సెట్‌కు 3. పరిశోధన వ్యాసానికి 2 చొప్పున 10 దాకా, బోధన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున మరో 10 దాకా. ఈ పట్టికలో పుస్తకానికి గడే లేదు. రెండేళ్లు కూర్చుని 400 పేజీల పుస్తకం రాసినా ఇక్కడ సున్నా. అదే సమయంలో మంచి జర్నల్‌లో రెండు వ్యాసాలు వస్తే 4 మార్కులు. ఇంత పోటీలో ఆ నాలుగే ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదీ రానిదీ తేల్చేస్తాయి.

పుస్తకం ఎక్కడ లెక్కకొస్తుంది? పై మెట్లలో. అసోసియేట్ ప్రొఫెసర్ నేరుగా కావాలంటే పీహెచ్‌డీ, 8 ఏళ్ల అనుభవం, 7 వ్యాసాలు, రీసెర్చ్ స్కోరు (ప్రచురణల వంటివాటికిచ్చే పాయింట్ల మొత్తం) 75 ఉండాలి. ప్రొఫెసర్‌కు 10 ఏళ్లు, 10 వ్యాసాలు, స్కోరు 120. ఈ స్కోరులో అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12, జాతీయ ప్రచురణకర్త వేసినదానికి 10, సంకలనంలో ఒక అధ్యాయానికి 5 ఇస్తారు. పుస్తకం అనువదిస్తే 8, ఒక అధ్యాయమో వ్యాసమో అనువదిస్తే 3. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం. ముగ్గురూ అంతకు మించీ అయితే ప్రధాన రచయితకు 70, మిగతావాళ్లకు 30 శాతం చొప్పున. అందుకే అయిదుగురి పేర్లతో వచ్చే పుస్తకంలో చివరి పేరు మీదైతే ఆ శ్రమకు దక్కేది చాలా తక్కువ.

ఆ పట్టికలోనే ఇంకో సంగతి ఉంది, చాలామంది చూడరు. నాలుగు క్రెడిట్ల కోర్సుకు పూర్తి మూక్ (అందరికీ తెరిచిన ఆన్‌లైన్ కోర్సు) తయారుచేస్తే 20 ఇస్తారు, అంతర్జాతీయ ప్రచురణకర్త పుస్తకానికిచ్చే 12 కన్నా ఎక్కువ. మీ నోట్సు సరిగ్గా ఉంటే అవే పాఠాలు ముందు వీడియో కోర్సుగా, ఆ తర్వాత పుస్తకంగా రెండు పంటలు పండుతాయి.

సైకాలజీ వాళ్లు తప్పక కనుక్కోవాల్సింది మరొకటి: మీ యూనివర్సిటీలో ఈ శాఖ ఏ ఫ్యాకల్టీ కింద ఉంది? సైన్స్ కింద ఉంటే ఒక వ్యాసానికి మూల స్కోరు 8, సోషల్ సైన్స్ కింద ఉంటే 10. ఒకే వ్యాసం, ఒకే జర్నల్, స్కోరు మాత్రం వేరు. దరఖాస్తు నింపేటప్పుడు దీన్ని పొరపాటు పడితే పరిశీలనలో కోత పడుతుంది. ఇంకా, 2025 ఫిబ్రవరిలో యూజీసీ తాను గుర్తించిన జర్నల్స్ జాబితాను (కేర్ జాబితా) ఆపేసింది. ఇకనుంచి జర్నల్ మంచిదో కాదో చూసుకునే బాధ్యత మీదీ, మీ సంస్థదీ. నియామక నిబంధనలు మార్చడానికి 2025 జనవరిలో ఒక ముసాయిదా కూడా వచ్చింది, అందులో భారతీయ భాషల్లో బోధనకు చేసిన కృషికి చోటుంది. నోటిఫికేషన్ పడిన రోజున ఏ నిబంధన అమల్లో ఉంటే దాన్నే పట్టుకోండి, సీనియర్లు చెప్పిన పాత లెక్కను కాదు.

కాలం లెక్క. పీహెచ్‌డీకి 2022 నిబంధనల ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6, పైన పొడిగింపు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఈ డబ్బుంటేనే గెస్ట్ క్లాసుల కోసం మూడు కాలేజీల చుట్టూ తిరగకుండా థీసిస్ పూర్తవుతుంది. కాబట్టి ఇప్పుడు మీ శక్తి అంతా నెట్ మీద పెట్టండి. పేపర్ 1లో 50 ప్రశ్నలకు 100 మార్కులు, పేపర్ 2లో 100 ప్రశ్నలకు 200, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. సైకాలజీ వాళ్లు ఎక్కువగా జారేది స్టాటిస్టిక్స్, సైకోమెట్రీ, శరీరధర్మ సంబంధమైన భాగాల్లో. థియరీ చదివి ధీమాగా ఉంటారు, ఫ్యాక్టర్ అనాలిసిస్ దగ్గర ఆగిపోతారు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ లేదా సెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కానీ పైన చూశారుగా, ఆ 30 మార్కులు లేకుండా జాబితాలో పైకి రావడం కష్టం.

ఉద్యోగం వచ్చాక మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కెరీర్ అడ్వాన్స్‌మెంట్ (సర్వీసులోనే పదోన్నతి) పథకంలో 4, 5, 3, 3 ఏళ్ల చొప్పున నాలుగు మెట్లు. అన్నీ సకాలంలో జరిగితే 15 ఏళ్లకు ప్రొఫెసర్, అక్కడ మూల వేతనం 1,44,200. మన రాష్ట్రాల్లో పర్మనెంట్ నోటిఫికేషన్ల మధ్య ఏళ్ల తరబడి ఖాళీ ఉంటుంది కాబట్టి, కాంట్రాక్టులోనో గెస్ట్‌గానో కొంతకాలం చేయాల్సి రావచ్చు. ఆ కాలానికి నియామక ఉత్తర్వు, జీతం వివరం, అనుభవ ధ్రువపత్రం ప్రతి ఏడాదీ తీసి దాచుకోండి. పదేళ్ల తర్వాత అడిగితే ఆ కాలేజీ మూతపడి ఉండొచ్చు.

ఒక గందరగోళం ఇక్కడే తీర్చేస్తాను. ప్రొఫెసర్ కావడం వేరు, క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీసు చేయడం వేరు. రెండోదానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, ఆ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. సైకాలజీలో పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. పుస్తకం అట్ట మీద రచయిత పరిచయంలో "క్లినికల్ సైకాలజిస్ట్" అని ఊరికే వేసుకోవడం తప్పు.

ఇంత ఆలస్యంగా రాయాలా అంటారా? పెద్దవాళ్ల దారి చూడండి. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1878లో హెన్రీ హోల్ట్ ప్రచురణ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు, ఆ పుస్తకం "ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ" వచ్చింది 1890లో. పన్నెండేళ్లు. విద్యార్థులకు అది పెద్దదైందని 1892లో కుదించిన రూపం ఇచ్చారు, తరగతి గదుల్లో ఎక్కువగా నడిచింది ఆ చిన్నదే. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు గారు భారతీయ మనోవిజ్ఞానం మీద ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్‌లతో కలిసి తెచ్చిన పెద్ద హ్యాండ్‌బుక్ 2008 నాటిది, అప్పటికి ఆయన వయసు 75 దాటింది. ఇక అమెరికాలో ఏళ్ల తరబడి నడిచిన పరిచయ గ్రంథాలు రాసినవాళ్లలో డేవిడ్ మైయర్స్ హోప్ కాలేజీలో, సాండ్రా సిసరెల్లి ఫ్లోరిడాలో ఒక కమ్యూనిటీ కాలేజీ స్థాయి సంస్థలో పాఠం చెప్పినవాళ్లు. సిసరెల్లి పుస్తకానికే గిరీశ్వర్ మిశ్ర భారతీయ రూపం ఇచ్చారు, మన పిల్లలు చాలామంది చదివేది అదే. రీసెర్చ్ యూనివర్సిటీ పెద్దపేరు పాఠ్యపుస్తకానికి అక్కర్లేదు. ఏటేటా కొత్త పిల్లల ముఖాల్లో ఎక్కడ అర్థం కావడం లేదో చూసిన కళ్లు కావాలి. మీరు అమెరికా వెళ్లే ఆలోచనలో ఉంటే ఒక హెచ్చరిక: అక్కడ టెన్యూర్ (శాశ్వత నియామకం) తేలడానికి సుమారు ఆరేళ్లు, రీసెర్చ్ యూనివర్సిటీల్లో ఆ లోపు పాఠ్యపుస్తకం మీద కూర్చుంటే నష్టమే.

ఇక పుస్తకం ఎలా తయారవుతుందన్నది.

మొదటి పుస్తకంగా పరిచయ గ్రంథం ఎత్తుకోకండి. ప్రాక్టికల్ మాన్యువల్‌తో మొదలుపెట్టండి. డిగ్రీ ప్రయోగశాలకు 10 నుంచి 12 ప్రయోగాలు, ఒక్కోటి అయిదారు పేజీలు. సమస్య, పరికల్పన, చరాలు, పరికరాలు, ప్రయోగ్యుడికి (ప్రయోగంలో పాల్గొనే వ్యక్తికి) చదివి వినిపించాల్సిన సూచనలు అక్షరాలా, నమోదు పట్టిక, లెక్క, చర్చ. ఇప్పుడు దొరికే మాన్యువల్స్‌లో ఎక్కువ తప్పులు సూచనల దగ్గరే. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగం తీసుకోండి. కుడిచేతితో నేర్చింది ఎడమచేతికి ఎంత బదిలీ అయిందో చూడాలంటే, కుడిచేతి సాధనకు ముందే ఎడమచేతితో ఒక ప్రయత్నం చేయించి సమయం, తప్పులు నమోదు చేయాలి. ఆ ముందు కొలత లేకపోతే చివర ఎడమచేతి తగ్గించిన సమయాన్ని దేనితో పోల్చాలి? సాధన చేయని ఇంకో బృందం కూడా ఉంటే ఇంకా మంచిది. చాలా మాన్యువల్స్‌లో ఆ ముందు కొలత మాటే ఉండదు, పిల్లలు ఏళ్లుగా అలాగే రికార్డులు రాస్తున్నారు. మీ పుస్తకం విలువ ఇలాంటిచోటే తెలుస్తుంది.

పూర్తి పాఠ్యపుస్తకానికి కొలతలు చెప్తాను. నాలుగు క్రెడిట్ల కోర్సుకు సుమారు 60 గంటల బోధన. 12 నుంచి 14 అధ్యాయాలు, ఇంగ్లిష్‌లో అధ్యాయానికి 8,000 మాటలు దాటొద్దు. వారం రోజుల పాఠం అంతే. ప్రచురణకర్తకు పంపాల్సింది మొత్తం ప్రతి కాదు: ఏ కోర్సుకు, ఏయే యూనివర్సిటీల సిలబస్‌కు సరిపోతుంది, ఇప్పుడున్న పుస్తకాల్లో లేనిదేమిటి, విషయసూచిక, రెండు నమూనా అధ్యాయాలు, ఎప్పటికి ఇస్తారు. నమూనాగా మొదటి అధ్యాయం పంపకండి, అది అందరూ రాయగలరు. కష్టమైనదాన్ని పంపండి: ప్రత్యక్షమో, స్మృతో, మెదడు నిర్మాణమో. ఉద్యోగం చేస్తూ అధ్యాయానికి ఆరు వారాలు వేసుకుంటే రాతకే ఏడాదిన్నర పడుతుంది. బొమ్మలు, అనుమతులు, ప్రూఫులు, సూచిక కలిపి మరో ఏడాది.

అనుమతులను చివరికి వదిలేయొద్దు. వేరే పుస్తకంలోని బొమ్మను ఆర్టిస్ట్‌తో మళ్లీ గీయించినా అది అదే బొమ్మ అయితే అనుమతి కావాలి. డీఎస్‌ఎం (మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం) రోగనిర్ధారణ ప్రమాణాలను ఉన్నదున్నట్టు ఎత్తిరాయకూడదు, సారాంశాన్ని మీ మాటల్లో చెప్పాలి. మానసిక పరీక్షల అంశాలను పుస్తకంలో అచ్చువేయకూడదు. అది కాపీరైట్ సంగతే కాదు, ఆ పరీక్ష చూసినవాడి మీద ఇక పనిచేయదు. నమూనాకు మీరే సొంతంగా రెండు అంశాలు తయారుచేసి చూపండి.

ఒప్పందంలో మూడు చోట్ల ఆగి చదవండి. రాయల్టీ దేనిమీద? ముద్రించిన ధర మీదా, ప్రచురణకర్త చేతికొచ్చిన సొమ్ము మీదా? 450 రూపాయల పుస్తకం వెయ్యి ప్రతులు అమ్ముడైతే, 10 శాతం చొప్పున ధర మీద 45,000. పుస్తకాల షాపులకు 40 శాతం తగ్గింపు పోగా మిగిలిన 270 మీదైతే 27,000. రెండోది, హక్కు ఎంతకాలానికి ఇస్తున్నారు? 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు, అది తిరిగి మీకే వస్తుంది. మూడోది అనువాద హక్కు. ఇంగ్లిష్ పుస్తకం ఇచ్చేటప్పుడు తెలుగు హక్కును మీ దగ్గరే ఉంచుకోమని గట్టిగా చెప్తాను.

డబ్బు తీసుకుని పుస్తకం వేసేవాళ్ల జోలికి వెళ్లకండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితంగా ఇస్తారు, అది ఉండటం పుస్తకం నాణ్యతకు గుర్తు కాదు. థీసిస్‌ను అలాగే అట్టవేయించి ఐఎస్‌బీఎన్ పెట్టి "పుస్తకం" అని చూపితే ఎంపిక కమిటీలో కూర్చున్నవాళ్లు మొదటి రెండు పేజీల్లోనే పట్టేస్తారు, మిగతా దరఖాస్తు మీద కూడా నమ్మకం పోతుంది.

పాఠ్యపుస్తకాల్లో తరం తర్వాత తరం మోసుకొస్తున్న తప్పులు ఉన్నాయి. పాత పుస్తకాల నుంచి కొత్త పుస్తకం రాయడమే దీనికి మూలం. మనిషి అవసరాల పిరమిడ్ బొమ్మ ఆ సిద్ధాంతం చెప్పిన మాస్లో గీసింది కాదు. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అంటూ పిల్లల్ని విడదీసి, ఆ శైలికి తగ్గట్టు బోధిస్తే బాగా నేర్చుకుంటారన్నదానికి తగిన ఆధారం లేదని 2008లోనే సమీక్ష వచ్చింది, మన టెట్ పుస్తకాల్లో ఇంకా నడుస్తోంది. నెలజీతాన్ని స్థిర కాలవ్యవధి పునర్బలనానికి (పునర్బలనం అంటే ప్రవర్తనను బలపరిచేది) ఉదాహరణగా రాస్తారు. ఆ పద్ధతిలో కాలం గడిచాక చేసిన మొదటి ప్రతిస్పందనకు ప్రతిఫలం రావాలి. ఒకటో తేదీన జీతం అలా రాదు. పత్తి ఏరేవాళ్లకు కిలోకింత అని ఇవ్వడం స్థిర నిష్పత్తికి చక్కటి ఉదాహరణ. గాలం వేసి కూర్చున్నవాడిది మారే కాలవ్యవధి. రుణాత్మక పునర్బలనాన్ని దండన అని రాసే తప్పు ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కలేదు. తలనొప్పి తగ్గిందని మాత్ర వేసుకునే అలవాటు బలపడటం రుణాత్మక పునర్బలనం, అందులో దండన ఏదీ లేదు.

చట్టాల అధ్యాయం ఇంకా ప్రమాదం. 1987 మానసిక ఆరోగ్య చట్టం స్థానంలో 2017 చట్టం వచ్చింది. దాని 115వ సెక్షన్ ప్రకారం, కాదని రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. డీఎస్‌ఎం తాజా సవరణ 2022 నాటిది, ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ) కూడా ఆ ఏడాది జనవరి నుంచే అమల్లో ఉంది. స్వలింగ ఆకర్షణను డీఎస్‌ఎం రుగ్మతల జాబితా నుంచి 1973లోనే తీసేశారు. దాన్ని ఇంకా అపసామాన్య ప్రవర్తన అధ్యాయంలో పెట్టిన పుస్తకాలు చదివి కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్లలు ఎవరికి ఏ హాని చేస్తారో ఆలోచించండి. 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే గణాంకపరంగా ప్రాధాన్యమున్న ఫలితం వచ్చిందన్న 2015 నివేదిక తర్వాత, ప్రసిద్ధ ప్రయోగాల గురించి రాసే ప్రతిసారీ "ఇది తర్వాత నిలిచిందా" అని చూసుకోవాల్సిందే.

తెలుగు సంగతికి వద్దాం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్ నుంచి పైస్థాయి దాకా తెలుగు పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదాలు తెచ్చింది. ఈ రోజు తెలుగులో సైకాలజీ చదివేవాళ్లలో పెద్ద సంఖ్య టెట్, డీఎస్సీ అభ్యర్థులది. టెట్‌లో 150 మార్కులకు శిశువికాసం, పెడగాజి 30. కోచింగ్ గైడ్లు ఈ 30 మార్కుల కోసమే. ఆ గైడ్ రాస్తే అమ్ముడవుతుంది, కానీ అకడమిక్ స్కోరుకు చూపడానికి పనికిరాదు. సరైన తెలుగు పాఠ్యపుస్తకం కావాల్సింది డిగ్రీ స్థాయిలో. 2024లో మొదలైన యూజీసీ అస్మిత పథకం అయిదేళ్లలో 22,000 పుస్తకాలు భారతీయ భాషల్లో తేవాలన్నది. మీలాంటివాళ్లకు అది తలుపు.

మాటల దగ్గర మీ ఇష్టం పనికిరాదు. విద్యార్థి పరీక్షలో చూసే మాటలే వాడాలి: సంవేదన, ప్రత్యక్షం, అవధానం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగం, మూర్తిమత్వం, ప్రజ్ఞ, వైఖరి. పరీక్షల అధ్యాయంలో విశ్వసనీయత (రిలయబిలిటీ), సప్రమాణత (వాలిడిటీ). ఈ రెండింటినీ తారుమారు చేస్తే అధ్యాయమంతా తప్పే. "బుద్ధిమాంద్యం" అన్న పాత మాట వదిలి మేధో వైకల్యం అనండి. రాత మొదలుపెట్టకముందే 300 మాటల పట్టిక ఒకటి తయారుచేసి, ఇంగ్లిష్ మాట ఎదురుగా మీరు వాడబోయే ఒక్క తెలుగు మాటే రాసుకోండి. ఉద్వేగం, భావావేశం, భావోద్వేగం మూడూ ఒకే పుస్తకంలో కలగాపులగంగా వస్తే చదివే పిల్ల అవి మూడు వేర్వేరు విషయాలనుకుంటుంది. ఇంగ్లిష్‌లో వెయ్యి మాటలు తెలుగులో ఏడెనిమిది వందలకు దిగుతాయి కానీ పేజీలు తగ్గవు, మన మాటలు పొడుగు. ఇంగ్లిష్ ప్రతిని అనువదించే పని పెట్టుకోకుండా, తెలుగు మీడియం క్లాసులో బోర్డు మీద మీరు రాసిన నోట్సు నుంచే రాయండి. ఈ పట్టికను ఈ వారమే మొదలుపెట్టొచ్చు. రోజుకు అయిదు మాటల చొప్పున నెట్ పరీక్షకు చదువుతూనే చేర్చుకుంటూ పోండి, రెండు నెలల్లో 300 పూర్తవుతాయి.